రోమను కవచము: మూలము, ప్రతి, అనువాదము

రోము రాజ్య చరిత్ర తెలుగు పాఠకునకు కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఎనిమిదవ దశకంలోనే వావిలాల వాసుదేవశాస్త్రిగారు షేక్స్పియరు రచించిన జూలియస్ సీజరు నాటకాన్ని 'సీజరు చరిత్రము' అనే పేర తెలుగు పద్యాలలోనికి తెచ్చినారు. అంటే ఆంగ్ల నాటకాలలో మనము తొట్టతొలుత పలుకరించిన వీరులే రోమనులన్న మాట. అటుపిమ్మట పాఠ్యపుస్తకాల వలన, కథల వలన, చలనచిత్రాల వలన ఆ జాతితో మన పరిచయం పెరుగుతూ వచ్చినది. అయినను రోమను సైనికుడు ఒంటిమీద ఏమి ధరించెను, చేత ఏమి పట్టెను, ఆ బరువుతో ఎంత దూరం నడిచెను అని ఎవరైనా అడిగితే మన భాషలో సిద్ధంగా ఉన్న సమాధానం నాలుగు మాటలకు మించదు. కవచము, శిరస్త్రాణము, డాలు, కత్తి. ఈ నాలుగు మాటలు భీష్మునికీ చెల్లుతవి, ప్రతాపరుద్రునికీ చెల్లుతవి, సీజరుకూ చెల్లుతవి. అందరికీ చెల్లే మాట ఎవరినీ ప్రత్యేకించి చూపదు.

అనువాదకునకు ఇది నిత్యానుభవము. వాక్యం తెలుగు అవుతుంది, వస్తువు మాత్రం కంటికి కనబడదు. ఈ లోపాన్ని నిఘంటువు తీర్చలేదు. వస్తువును చూచినవాడు, చేసినవాడు, మోసినవాడు తీర్చవలసినదే. గడచిన నూట అరవై ఏండ్లలో ఐరోపాలో పండితులును పనివారును కలిసి రోమను ఆయుధాలను, కవచాలను మరల తయారుచేసిన చరిత్ర ఇందుచేతనే సాహిత్యపరులు తెలుసుకోదగ్గది. అది యుద్ధప్రియుల వినోదమని తోచవచ్చును గాని, నిజానికి అది ఒక విధమైన అనువాదము. మూలంలో కొంత శిథిలమైపోగా మిగిలిన దానినుండి పూర్ణరూపాన్ని ఊహించి, ఆ ఊహ నిలుచునో లేదో పరీక్షించే విద్య అది.

ఈ ప్రయత్నానికి తొలి పోషకుడు ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను. సీజరు చరిత్రను స్వయంగా రచించబూనిన ఆ ప్రభువు 1860 దశకంలో రోమనుల శిలాక్షేపక యంత్రాలను వెర్షేర్ ద రెఫీ అనే సైనికాధికారి చేత తిరిగి నిర్మింపజేసినాడు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో జర్మనీ దేశపు సైనికాధికారి ఎర్విన్ ష్రామ్ ఇట్టి యంత్రాలనే మరింత శాస్త్రీయంగా తయారుచేసి సాల్‌బుర్గ్ కోటలో నిలిపినాడు. యంత్రాల విషయంలో గ్రీకు, లాటిను శాస్త్రగ్రంథాలు కొలతలతో సహా లభించినందున పని కొంత సులువైనది. సైనికుని ఒంటిమీది కవచం విషయంలో అట్టి గ్రంథమేదీ లేదు. అందరికీ తెలిసిన వస్తువును గూర్చి ఎవరూ వ్రాయరు గదా! మన నన్నయ తిక్కనల నాటి వంటింటి సామగ్రిని గూర్చి మనకు ఎంత తెలుసునో ఆలోచించిన యెడల ఈ మాట బోధపడుతుంది.

కవచాన్ని గూర్చి విద్వాంసులకు దొరికిన మొదటి ఆధారము శిల్పము. రోము నగరంలో క్రీ. శ. 113లో ప్రతిష్ఠించిన ట్రేజను స్తంభంపై డేసియా యుద్ధం ఆద్యంతము చెక్కబడి ఉన్నది. అందులో రోమను పౌరులైన సైనికులు అడ్డపట్టీల కవచాన్ని, సహాయక దళాలవారు ఇనుప ఉంగరాల అల్లిక కవచాన్ని తొడిగినట్లు కనబడుతుంది. ఈ విభాగము చాలాకాలం అక్షరసత్యమని నమ్మినారు. కాని అదే యుద్ధానికి స్మారకంగా క్రీ. శ. 109 ప్రాంతంలో నేటి రుమేనియాలోని ఆడమ్‌క్లిసీలో నిలిపిన కట్టడంపై పౌరసైనికులే అల్లిక కవచాలతోను, చేప పొలుసుల వంటి కవచాలతోను, కుడిచేతికి పట్టీల తొడుగుతోను కనబడుతున్నారు. రాజధానిలోని శిల్పి చూపరులకు ఎవరు ఎవరో తెలియుటకై వేషాలను నియమబద్ధం చేసినాడు. సరిహద్దులోని మోటు శిల్పి తాను చూచినది చెక్కినాడు. పనితనంలో మొదటిది గొప్పది. సాక్ష్యంలో రెండవదే మేలు. ఈ ఒక్క ఉదాహరణము శిల్పం చూచి చరిత్ర చెప్పేవారందరూ మనసులో పెట్టుకోదగ్గది.

రెండవ ఆధారము త్రవ్వకాలలో దొరికిన ఇనుపముక్కలు. ఆస్ట్రియాలోని కార్నుంటుంలో 1899లో ఒక ఆయుధశాల బయటపడినది. స్కాట్లండులోని న్యూస్టెడ్ కోటలో 1905 మొదలు జేమ్స్ కర్ల్ జరిపిన త్రవ్వకాలలో మరికొన్ని రేకులు లభించినవి. శిల్పంలోని పట్టీలు ఇనుప రేకులని దీనితో తేలినది. కాని ఆ రేకులు ఒకదానితో ఒకటి ఎట్లు కూడినవి? తోలు చొక్కాయి మీద వరుసగా కుట్టి ఉండవచ్చునని చాలామంది తలచినారు. ఆ ఊహను అనుసరించి చేసిన నమూనాలు చూడడానికి బాగుండేవి. తొడుగుకొని వంగబోతే, చేయి ఎత్తబోతే, రేకులు ఎదురు తిరిగేవి.

సమస్య తీరినది 1964లో. ఇంగ్లండులో హేడ్రియను గోడకు సమీపాన ఉన్న కోర్‌బ్రిడ్జి అనే చోట ఒక కొయ్యపెట్టె బయటపడినది. అందులో ఇతర సామగ్రితో పాటు ఒకటి కంటె ఎక్కువ కవచాల భాగాలు తుప్పుపట్టి ఒకదానికొకటి అంటుకొని ఉన్నవి. వాటి మీద మిగిలిన తోలు జాడలను, చీలల వరుసలను లండను టవరు ఆయుధశాలలో పనిచేసిన హెచ్. రస్సెల్ రాబిన్సన్ పరిశీలించినాడు. ఆయన కేవలం పుస్తకాల పండితుడు కాడు. సుత్తెపట్టి లోహం సాగగొట్టగల పనివాడు కూడ. కవచం వెనుక అంగీ లేదనీ, రేకులు లోపలివైపున నిలువుగా దిగిన తోలుపట్టీలకు చీలలతో బిగించి ఉన్నవనీ, అందువలన ఒక రేకు మరొక రేకు మీదికి జారగలుగుతున్నదనీ ఆయన గ్రహించినాడు. గ్రహించుటతో ఆగక తయారుచేసి తొడిగించి చూచినాడు. మనిషి వంగినాడు, లేచినాడు, చేయి ఎత్తినాడు. సుమారు 9 కిలోల ఇనుము ఒంటిమీద ఉండియు కదలికకు అడ్డు రాలేదు. ఆయన పరిశోధన సారము 1975లో 'రోము సామ్రాజ్యపు కవచాలు' అనే అర్థం గల ఆంగ్లగ్రంథంగా వెలువడినది.

ఈ సంఘటనలో సాహిత్యపరులు గమనింపదగ్గ విషయం ఒకటి ఉన్నది. పూర్వపు నమూనాలు అబద్ధమని తేల్చినది కొత్త గ్రంథప్రమాణం కాదు, మనిషి శరీరము. శ్లోకానికి అన్వయం కుదరనప్పుడు మన వ్యాఖ్యాతలు పాఠం తప్పి ఉండవలెనని అనుమానిస్తారు. ఇక్కడ అట్లే చేయి ఎత్తుటకు వీలులేని కవచము తప్పుపాఠమని తేలినది.

డాలు సంగతి మరియొక తీరున నడిచినది. రోమను డాలును గూర్చి గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ కొంత వివరంగానే వ్రాసినాడు. రెండు పొరల కొయ్యను జిగురుతో అంటించి, పైన నారబట్ట, ఆపైన దూడతోలు కప్పి, అంచులకు ఇనుప కట్టు వేసి, నడుమ ఇనుప బొడుపు అమర్చుతారని ఆయన వర్ణన. 1900లో ఈజిప్టులోని ఫయ్యూం ప్రాంతంలో ఎండిన ఇసుక ఒక నిలువెత్తు కొయ్యడాలును దాదాపు చెక్కుచెదరకుండ భద్రపరచి అందించినది. పలుచని కొయ్యబద్దలను మూడు పొరలుగా, ఒక పొర నిలువు, ఒక పొర అడ్డము వచ్చునట్లు పేర్చి అతికించినారు. పైన కంబళి వంటి ఉన్నిబట్ట కప్పినారు. నేటి మన ప్లైవుడ్డు సూత్రం ఇదే. తొలుత దీనిని గాల్ జాతివారి డాలని అనుకున్నారు. పోలిబియస్ వాక్యంతో పోల్చి చూచిన తరువాత రోమను డాలుగా గుర్తించినారు. సిరియాలోని దూరా-యూరోపస్ నగరంలో 1928 నుంచి 1937 వరకు జరిగిన త్రవ్వకాలలో క్రీ. శ. మూడవ శతాబ్దికి చెందిన వంపు డాలు ముక్కలుగా దొరికినది. ఎర్రని పూత మీద సింహము, గరుడపక్షి, విజయదేవత బొమ్మలతో అది నేడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నది. ఫయ్యూం డాలుకు ప్రతి చేసి తూచగా సుమారు పది కిలోలు తూగినది. అంత బరువును ఒంటిచేత గాలిలో త్రిప్పుతూ పోరాడడం కుదరదు. దానిని ముందు నిలిపి, దాని చాటున నిలిచి, బొడుపుతో ఎదిరిని నెట్టి, ప్రక్కనుండి పొట్టికత్తితో పొడవవలెను. రోమను వ్యూహంలో సైనికులు గోడవలె నిలిచినారన్న చరిత్రకారుల వాక్యానికి ఆ బరువే వ్యాఖ్యానము.

ఇక విసిరే ఆయుధము. లాటినులో దానిని పీలుం అంటారు. మన అనువాదాలలో బల్లెమనియో ఈటె అనియో సరిపెట్టుట వాడుక. బల్లెము చేతబట్టి పొడిచేది. పీలుం చేతినుండి విడిచేది. కొయ్యకర్ర చివర సన్నని పొడుగాటి ఇనుపకాడ, దాని మొనను చిన్న ములుకు, ఇదీ దాని రూపము. గాల్ యుద్ధ చరిత్ర మొదటి భాగంలో సీజరు చెప్పిన ఉదంతం ప్రసిద్ధము. హెల్వెతీయులు డాళ్ళు ఒకదానిపై ఒకటి చేర్చి ముందుకు రాగా రోమనులు పైనుండి విసిరిన పీలాలు రెండేసి డాళ్ళను కలిపి గ్రుచ్చినవి. ఇనుము వంగిపోవడం వలన వాటిని పెరికివేయుట సాధ్యం కాక వారు డాళ్ళు పారవేసి వట్టి ఒంటితో పోరాడవలసి వచ్చినది. ప్రతులు చేసి కొయ్యడాళ్ళ మీద విసిరి చూచినవారికి ఒక సంగతి స్పష్టమైనది. ఇనుము ప్రతిసారీ వంగదు. వంగినా వంగకపోయినా ఆ సన్నని కాడ డాలును దాటి వెనుకనున్న మనిషిని చేరుటకు ఏర్పడినది. ములుకు చేసిన రంధ్రం ములుకంతే ఉండును గనుక వెనుకకు లాగితే రాదు. ఇనుము వంగుట అదనపు లాభమే గాని ముఖ్యోద్దేశము కాదు.

ఈ జ్ఞానము సీజరు వాక్యాన్ని తెనిగించేవారి చేతిని వెంటనే మార్చుతుంది. 'బల్లెములతో పొడిచిరి' అని వ్రాసిన వాక్యము వ్యాకరణానికి నిర్దుష్టమే, యుద్ధానికి మాత్రం తప్పు. 'విసురు ఈటెలు' అన్నచో క్రియ సరిపడుతుంది. కత్తి విషయమూ ఇట్టిదే. రోమనుల గ్లాడియస్ మన ఖడ్గం కాదు; క్రీ. శ. మొదటి శతాబ్ది నాటిదానికి అలుగు అర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఖడ్గమనగానే తెలుగు పాఠకుని మనసులో ఝళిపించే పొడుగాటి వాదర మెరుస్తుంది. డాలు చాటునుండి పొడిచే ఆయుధాన్ని ఖడ్గమంటే రోమను యుద్ధము కాస్తా మన వీధి నాటకపు యుద్ధమవుతుంది. 'పొట్టికత్తి' అనేది అందమైన మాట కాకపోవచ్చును, నిజమైన మాట.

మ్యూజియంలో అద్దాల వెనుక నిలిపిన ప్రతి ఒక మెట్టు. దానిని తొడిగి నడిచుట తరువాతి మెట్టు. ఇంగ్లండులో 1972లో ఏర్పడిన ఎర్మిన్ స్ట్రీట్ గార్డు అనే ఔత్సాహికుల సంఘము రాబిన్సన్ చూపిన త్రోవలో తమ కవచాలను తామే చేసుకొని ప్రజల ముందు ప్రదర్శించసాగినది. 1985లో జర్మను చరిత్రకారుడు మార్కుస్ యుంకెల్‌మాన్ కొందరు సహచరులతో రోమను సైనికుని పూర్తి సామగ్రి మోసుకొని ఇటలీలోని వెరోనా నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి ఆగ్స్‌బర్గ్ వరకు నడిచినాడు. ఇట్టివారి అనుభవం వలన తెలిసినవి చిన్న సంగతులే. కవచం క్రింద దళసరి మెత్తని అంగీ లేకపోతే భుజాలు ఒరుసుకొని పోవును. కవచానికి గల ఇత్తడి బందులు, కొక్కేలు తరచు విరుగును. త్రవ్వకాలలో పూర్ణకవచాలు అరుదుగాను, విరిగిన బందులు విరివిగాను ఎందుకు దొరుకుచున్నవో దీనితో బోధపడినది. అడుగున ఇనుప మేకులు కొట్టిన చెప్పులు మట్టిత్రోవలో పట్టు ఇచ్చి, నున్నని రాతిబాట మీద జారును. చరిత్ర గ్రంథాలు సామ్రాజ్యాలను చెప్పును. ఈ చెప్పులు సామాన్య సైనికుని ఒక దినచర్యను చెప్పును. ఏది గొప్ప అనే ప్రశ్న అనవసరము. నవల వ్రాసేవానికి రెండవది మరింత పనికివచ్చును.

అయినను పునర్నిర్మాణానికి హద్దులు లేకపోలేదు. మొట్టమొదటి హద్దు పేరులోనే ఉన్నది. పట్టీల కవచానికి లోకమంతట వ్యవహరించే 'లోరికా సెగ్మెంటాటా' అనే పేరు రోమనులది కాదు; దానిని పదహారవ శతాబ్ది పండితులు కల్పించినారు. రెండవది, ప్రతి ఎంత బాగున్నను అది సిద్ధాంతం కాదు, ప్రతిపాదన. జర్మనీలో క్రీ. శ. 9లో వారుస్ సేనాని మూడు దళాలతో నశించిన యుద్ధరంగముగా ఎక్కువమంది పండితులు భావించే కాల్‌క్రీజెలో 2018లో దాదాపు సమగ్రమైన పట్టీల కవచం దొరికినది. 2020లో ఆ వార్త ప్రకటించినారు. నేడు తెలిసిన వాటిలో అది అన్నిటికంటె ప్రాచీనము, అన్నిటికంటె పూర్ణము. ఒక పెట్టె కూర్చిన రూపాన్ని మరొక మట్టిగడ్డ సవరించగలదు. మంచి పునర్నిర్మాతలు దీనికి నొచ్చుకోరు. ఏ భాగానికి ఆధారం ఉన్నదో, ఏ భాగము తమ ఊహయో విడదీసి చెప్పుట వారి నియమము.

ఇంతవరకు చెప్పినదంతా పరదేశపు గోష్ఠి అనిపించవచ్చును. కాని ఇందులో మన దేశం వాటా చిన్నది కాదు. ఐరోపా అమెరికాలలో రోమను వేషం వేసే ఔత్సాహికులలో అందరూ సుత్తె పట్టలేరు; చాలామంది కొనుక్కుంటారు. వారు కొనే శిరస్త్రాణాలలో, పట్టీల కవచాలలో పెద్దభాగం ఉత్తర భారతదేశంలోని డెహ్రాడూన్, మీరట్ వంటి పట్టణాల కార్ఖానాలలో తయారై ఓడలెక్కి పోవుచున్నది. రోమను సైనికుని ఇప్పుడు మన కమ్మరి తొడుగుచున్నాడన్న మాట. ఆ పనివానికి ట్రేజను పేరు తెలియనక్కరలేదు; రేకు వంపు, చీల చోటు తెలిస్తే చాలును. కాని ఒక ప్రశ్న మిగులుతుంది. రోమనునికి కవచం తొడిగే చేతులున్న దేశంలో శాతవాహన సైనికునికి, కాకతీయ సైనికునికి అంతటి శ్రద్ధతో కవచం తొడిగిన వారు ఎవరు?

ఈ ప్రశ్న బిలాస్‌పూర్ వంటి చోట నుండి అడుగుటలో ఒక ఔచిత్యమున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన నాటినుండి ఉత్తరాంధ్ర తీరపు కుటుంబాలు ఈ ఊరికి వచ్చి స్థిరపడినవి. రైలు కాలనీలలోను గోల్ బజార్ సందడిలోను తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. రామలీల దినాలలో బజారు దుకాణాలలో అట్టకిరీటాలు, తగరపు కత్తులు, మెరుపుకాగితం అంటించిన గదలు వ్రేలాడుతవి. రాముడూ అదే కత్తి పట్టును, రావణుడూ అదే కత్తి పట్టును. భక్తికి అది చాలును. ఆ కత్తిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. చరిత్రకు మాత్రము అది చాలదు. పైగా ఈ నేల చరిత్ర లేని నేల కాదు. బిలాస్‌పూర్ జిల్లా చకర్‌బేఢాలో రోమను బంగారు నాణేలు దొరికినవి. మహానది ఒడ్డున బాల్పూర్‌లో శాతవాహన రాజు ఆపీలకుని నాణెం దొరికినది. రోమనుల బంగారము, శాతవాహనుల ముద్ర ఈ లోతట్టు కోసలానికి కూడ నడచివచ్చినవి.

వీటన్నిటి కంటె మన ప్రస్తుతాంశానికి దగ్గరది కిరారీ కొయ్యస్తంభము. 1921లో, ఎండలకు చెరువు ఇంకిపోయినప్పుడు, ఆనాటి బిలాస్‌పూర్ జిల్లాలోని కిరారీ గ్రామస్థులు మట్టి త్రవ్వుచుండగా అది బయటపడినది. దానిమీద క్రీ. శ. రెండవ శతాబ్ది ప్రాంతపు బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉన్నది. నీటి అడుగున శతాబ్దాలు నిలిచిన కొయ్య ఎండ తగలగానే బీటలువారి, అక్షరాలు పెచ్చులుగా రాలిపోయినవి. అదృష్టవశాత్తు అంతకుముందే ఊరి పండితుడొకరు ఆ అక్షరాలను చూచి చూచినట్లు కాగితం మీద దింపుకొన్నారు. తరువాతి శాసన పరిష్కర్తలకు ముఖ్యాధారమైనది ఆ ప్రతియే. మూలము చాలవరకు పోయినది, ప్రతి నిలిచినది. అందులో ఉన్నది పద్యము కాదు, ప్రశస్తి కాదు, ఉద్యోగుల పట్టిక. నగరరక్షకుడు, సేనాపతి, గజారోహకుడు, అశ్వారోహకుడు, రథికుడు, వారితో పాటు యానశాలకు, ఆయుధాగారానికి అధికారి. స్తంభం నేడు రాయపూర్ మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో ఉన్నది. ఆ ఆయుధాగారంలో ఏమి ఉన్నదో శాసనం చెప్పదు. చెప్పగలిగినవి మన శిల్పాలు, మన త్రవ్వకాలు, మన కమ్మరి కొలుములు.

శిల్పాలు మనకు కొదువ లేవు. అమరావతి ఫలకాలలో కాల్బలము, ఏనుగులు, గుర్రాలు, డాళ్ళు, విండ్లు ఉన్నవి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి రాతికంబం మీద విదేశీయుడైన సైనికుడొకడు నిలిచి ఉన్నాడు. గడ్డము, తలమీద శిరస్త్రాణము, మోకాళ్ళ దాక అంగీ, క్రింద లాగు, చేత బల్లెము. పండితులు అతనిని శకుడని వ్యవహరిస్తారు. దక్షిణాది రాజుల కొలువులో విదేశీ భటులుండుట అపూర్వం కాదు. తమిళ సంగ సాహిత్యంలోని 'ముల్లైప్పాట్టు' రాజశిబిరంలో యవన కావలివారిని వర్ణించినది. ఆడమ్‌క్లిసీ శిల్పి వలె మన శిల్పి కూడ తాను చూచినదే చెక్కినాడా, లేక ట్రేజను స్తంభపు శిల్పి వలె గుర్తు తెలియుటకై వేషం నియమించినాడా? ఆ అంగీని కుట్టి, ఆ బల్లెమును చేసి, ఒక మనిషికి తొడిగి చూస్తే గాని ఈ ప్రశ్న కదలదు.

పునర్నిర్మాణమనేది మనకు చేతకాని విద్య కాదు. నాగార్జునసాగరం నీటిలో మునుగబోయే లోయను 1954 నుంచి 1960 వరకు త్రవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి కొండమీదను, అనుపు వద్దను తిరిగి కూర్చిన వారు మనవారే. మెట్ల వరుసలతో చుట్టూ కూర్చుండి చూచుటకు వీలుగా కట్టిన క్రీడారంగము ఈనాడు అనుపులో నిలిచి ఉన్నదన్నచో అది ఆ శ్రమ ఫలమే. మూలస్థానం నీటి అడుగున ఉన్నది. ప్రతిష్ఠించిన రూపం మన కన్నుల ఎదుట ఉన్నది. కట్టడాలకు చేసిన పని ఆయుధాలకు ఎందుకు చేయరాదు?

ఆయుధాలకు మూలమైన లోహం మన ఇంటిదే. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కొరకు పారశీక వర్తకులు వచ్చేవారని హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాల్ ఏషియాటిక్ సంఘ పత్రికలో అచ్చయినది. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి, మట్టిమూసలలో పెట్టి, మూత బిగించి, కొలిమిలో కరగించేవారు. పాశ్చాత్యులు 'వూట్జ్' అని పిలిచినది మన 'ఉక్కు' మాటకు వికృతి అని పండితుల అభిప్రాయము. డమాస్కసు కత్తుల వాదరమీద నీటి అలల వంటి చాయ ఈ జాతి ఉక్కు వలననే ఏర్పడేది. ఇంతకు పూర్వమే, క్రీ. శ. రెండవ శతాబ్దిలో, మార్కస్ ఆరీలియస్ నాటి రోమను సుంకాల పట్టికలో 'భారతదేశపు ఇనుము' ఒక సరుకుగా నమోదైనది. ఆ ఇనుము తెలుగు నేలదే అని పట్టుపట్టుట చరిత్ర కాదు, అభిమానము. కాని రోము సుంకరి మన దేశపు ఇనుమును పేరుపెట్టి ఎరుగునన్నది చరిత్రయే.

ఆ అలల చాయ రహస్యము పందొమ్మిదవ శతాబ్దిలో కొలుములతో పాటు చల్లారిపోయినది. 1990 దశకంలో దానిని తిరిగి సాధించినవారు అమెరికాలో ఇద్దరు. జాన్ వెర్హోవెన్ లోహశాస్త్రాచార్యుడు. ఆల్ఫ్రెడ్ పెండ్రే కత్తులు చేసే కమ్మరి. ఒకరు పరీక్షించి చెప్పగా ఒకరు కాల్చి సాగగొట్టినారు. ఖనిజంలో అత్యల్పంగా ఉండే వనేడియం వంటి ధాతువుల వలననే ఆ అలలు ఏర్పడునని వారు చూపినారు. కొలిమివాడు అదే, మంత్రం అదే, ఖనిజం మారితే అల లేదు. ఏ గని మట్టి ఏ ఊరికి పోవలెనో తెలిసిన కోనసముద్రం కమ్మరి జ్ఞానమెంతటిదో దీనితో ఊహించవచ్చును. 2010లో భారత, ఆంగ్ల పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలలో పాత ఇనుప చిట్టెపు దిబ్బలను వెదకి గుర్తించినారు. దిబ్బలు గుర్తుపట్టినారు, ఆ దిబ్బల ప్రక్క బ్రదికిన మాటలను గుర్తుపట్టవలసినది మనము.

ఇక్కడనే రచయితల బాధ్యత ఉన్నది. అడివి బాపిరాజుగారు 'హిమబిందు'లో శాతవాహనులను, 'అడివి శాంతిశ్రీ'లో ఇక్ష్వాకులను మనకు నవలలుగా ఇచ్చినారు. ఆయన చిత్రకారుడు కూడ గనుక కన్నుతో వ్రాసినారు. ఆ కన్ను లేనివారికి చరిత్ర నవల అనగానే చలనచిత్రపు వేషం గుర్తుకువచ్చును. తళతళలాడే రొమ్ముపలక, భుజాన పులిగోరు, మోకాళ్ళకు బంగారు తొడుగులు. అది ఏ శతాబ్దిది కాదు. అట్టి వేషానికి అలవాటుపడిన పాఠకుడు అమరావతి ఫలకం మీది భటుని చూచి, ఇతడు మన సైనికుడు కాడని అనుకొనును. తన పూర్వుని తానే గుర్తుపట్టలేని స్థితి ఏ జాతికైనను నష్టమే. ఇంగ్లండులో బడిపిల్లవాడు, తన దేశాన్ని ఏలిన పరాయి రోమను సైనికుని కవచం బరువెంతో చేతితో పట్టుకొని తెలుసుకొంటున్నాడు. మన పిల్లవాడు శాతకర్ణి పేరు ఎరుగును, అతని భటుని ఎరుగడు.

చేయవలసిన పని పెద్దదే గాని అసాధ్యము కాదు. మొదటిది, మాటలు కూడబెట్టుట. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ వృత్తిపదకోశం ప్రకటించి త్రోవ చూపినది. నాగలిలోని ప్రతి భాగానికి రైతు వాడే పేరు దానివలన గ్రంథస్థమైనది. అట్లే కొలిమిలోను, తోలుపనిలోను, డాలు కర్రసాము నేర్పే తాలింఖానాలలోను మిగిలిన మాటలను సేకరింపవలెను. రెండవది, శిల్పంలో ఉన్న దానిని తయారుచేసి చూచుట. ఒక చరిత్రకారుడు, ఒక కమ్మరి, ఒక నాటకశాల కలిస్తే చాలును. మూడవది, రాబిన్సన్ వంటివారి నియమాన్ని పాటించుట. ఆధారమున్నది ఇంత, ఊహించినది ఇంత అని చెప్పవలెను. పాత గ్రంథాలకు పరిష్కర్తలు లుప్తాక్షరాలను కుండలీకరణాలలో పూరించునపుడు ఈ నిజాయితీనే పాటించుచున్నారు.

కిరారీ పండితునకు ఆ శాసనం అర్థమైనదో లేదో మనకు అనవసరము. అర్థం తెలియనంత మాత్రాన ఆయన ఒక అక్షరాన్ని మార్చలేదు, నచ్చినట్లు పూరించలేదు. కనబడినది కనబడినట్లు దింపినాడు. దానివలననే ఒక ఆయుధాగారాధికారి పదవి పద్దెనిమిది శతాబ్దాలు దాటి మనదాక వచ్చినది. ఆ అధికారి కాపాడిన ఆయుధాలకు రూపమిచ్చుట కమ్మరి పని. వాటికి సరియైన పేరు పెట్టుట మన పని. మొదటి పనికి రేకు, సుత్తె, నిప్పు కావలెను. రెండవదానికి ఆయన చూపిన వినయమే కావలెను.